హిసాయె నొక్కిన ప్రకటనలు

ఒసాకాలో క్యోబాషి స్టేషను ముందు ఇరవై రెండేళ్ళుగా టిష్యూ పొట్లాలు పంచుతున్న హిసాయెకి ముక్కు మీదే కోపం. అరవై ఒకటో ఏడు వచ్చినా కోపమూ తగ్గలేదు, చేతి ఒడుపూ తగ్గలేదు. నడిచే మనిషి చెయ్యి ముందుకు ఊగే క్షణం ఒకటుంటుంది. సరిగ్గా అప్పుడు పొట్లం వేళ్ళకి ఆనిస్తే వేళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. అరక్షణం ఆలస్యమైందా, ఆ మనిషి మొహం తిప్పుకుని పోతాడు. కొత్తగా చేరినవాళ్ళు గంటకి వంద పంచి భుజం పట్టేసిందంటారు. హిసాయె మూడు వందలు పంచి, తుమ్మినవాళ్ళకి రెండోది కూడా ఇస్తుంది.

పొట్లంలో టిష్యూల మీద ఒక చీటీ ఉంటుంది. కళ్ళద్దాల కొట్టుదో, పళ్ళ డాక్టరుదో, ఇంగ్లీషు నేర్పే బడిదో. ఆ చీటీ ఉంది కాబట్టే పొట్లం ఊరికే వస్తోంది. ఇది తెలియనివాళ్ళెవరూ లేరు. అయినా కొందరు పెద్దమనుషులు పొట్లం పుచ్చుకుని, రెండడుగులు వేసి, ఆమె కళ్ళెదుటే చీటీ పీకి, కూల్‌డ్రింకుల మెషీను పక్కనున్న ఖాళీ సీసాల డబ్బాలో కుక్కి, టిష్యూలు మాత్రం భద్రంగా జేబులో పెట్టుకుంటారు. అది చూస్తే హిసాయెకి ఒళ్ళు మండిపోతుంది. "చదవక్కర్లేదు నాయనా, మలుపు తిరిగాక పీక్కో" అని ఒకసారి ఒక సూటు మనిషితో అననే అంది. కంపెనీవాళ్ళు పిలిచి మందలించారు. ఆమె తల వంచి క్షమాపణ చెప్పింది గాని, మనసులో ఆ సూటు మనిషిని ఇప్పటికీ క్షమించలేదు.

రోజంతా నిలబడ్డ కాళ్ళకి సాయంత్రమయ్యేసరికి వేడినీళ్ళు కావాలి. టిక్కెట్టు కొని నలుగురితో కలిసి వేడినీళ్ళ తొట్టెలో నానే స్నానశాలలు ఆ ఊళ్ళో పేటకొకటి ఉంటాయి. ఒకే స్నానశాలని అంటిపెట్టుకుని ఉండే రకం కాదామె. రోజుకొకటి. ఏ రోజు ఏదన్నది ఉరాబె-సాన్ సైటు, అంటే ఉరాబెగారి సైటు, చెప్పేది. ఆయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. రిటైరైన ట్రాము డ్రైవరునని సైటులో రాసుకున్నాడు, అంతే తెలుసు. రోజూ ఒక స్నానశాలకి వెళ్ళి వచ్చి, "నలభై నాలుగు డిగ్రీలు, దిగేముందు అయినవాళ్ళని తలుచుకోండి" అనో, "యజమానికి మోకాలు నొప్పి, గురువారం దాకా సెలవు" అనో, "నీళ్ళు మరీ చల్లన, యజమాని మనసు మాత్రం వెచ్చన" అనో రాసేవాడు. పైసా తీసుకోడు. హిసాయె మధ్యాహ్నం అన్నపు ముద్ద తింటూ అది చదివి పకపకా నవ్వేది. ఆరేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు.

నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం ఆ సైటు తలమీద ఎర్రక్షరాలు కనిపించాయి.

"మిత్రులారా, నా లెక్క ప్రకారం ఈ సైటు చూసేవాళ్ళు రోజుకి ముప్పై ఒక్కరికి పడిపోయారు. ముప్పై ఒక్కరి కోసం ఒక ముసలాడు ఊరంతా తిరిగి నానడం బాగుండదేమో. నెలాఖరుకి ఆపేస్తాను. ఇన్నాళ్ళూ దీన్ని ప్రకటనలే నిలబెట్టాయి. ప్రకటనలు కనపడకుండా చేసుకున్నవారు ఎవరైనా ఉంటే, వెళ్ళిపోయేలోగా ఒక్కసారి వాటి వైపు చూసిపొండి. ఉరాబె."

హిసాయె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ సైటులో ప్రకటనలుంటాయన్న సంగతే ఆమె మరిచిపోయింది. జుట్టు మొలిపించే నూనె యాడ్ ఒకటి ఫోనులో వెంటబడి వేధిస్తోందని గోల పెడితే, మూడేళ్ళ కిందట చెల్లెలు నోబుకో యాడ్ బ్లాకరు పెట్టింది. అప్పట్నుంచి ఫోను హాయిగా ఉంది. అంటే మూడేళ్ళుగా ఆమె రోజూ టిష్యూలు తీసుకుని చీటీ పీకేస్తోందన్నమాట. అదీ ఇచ్చినవాడి ఎదురుగానే. ఆ సూటు మనిషి గుర్తొచ్చి ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఆ సాయంత్రం స్నానశాలలో పంచాయతీ అయింది. నోబుకో అక్క కన్నా నాలుగేళ్ళు చిన్నది, జీవితమంతా ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి, వాదనలో ఎవరికీ లొంగదు. ఇద్దరూ చిన్న బల్లల మీద పక్కపక్కన కూర్చుని వీపులు తోముకుంటున్నారు.

"ఫోను నాది, కళ్ళు నావి. వాటికి ఏం చూపించాలో ఎవడో నిర్ణయిస్తాడా?" అంది నోబుకో.

"సైటు ఆయనది కదే."

"అక్కా, నీ టిష్యూ నయం. ఇచ్చావు, ఊరుకున్నావు. ఆ యాడ్లు అలాక్కాదు. నడుముకి పట్టీ కావాలని ఒక్కసారి వెతికానా, మూడు నెలలు నా నడుము వెంట పడ్డాయి. నువ్వు టిష్యూ ఇచ్చి వాళ్ళింటి దాకా వెళ్తావా? వాళ్ళ పడగ్గదిలో తొంగిచూస్తావా?"

హిసాయె తడి చెయ్యెత్తి గోడకేసి చూపించింది. ఎదురుగా అద్దం కింద "నొప్పి లేకుండా పళ్ళు పీకబడును" అని డాక్టరు పేరు, ఫోను నంబరు రాసి ఉన్నాయి. ఆ అద్దాలు పెట్టించింది ఆ ప్రకటనలవాళ్ళే.

"మరి ఈ పళ్ళ డాక్టర్ని నలభై ఏళ్ళుగా చూస్తున్నాం. ఏం పోయింది?"

పక్క బల్ల మీదున్న బియ్యం కొట్టు కవాయె తల రుద్దుకుంటూనే కల్పించుకుంది. "నేనైతే అద్దం మీద తువ్వాలు వేసేస్తాను. ఆయన నా పన్ను తప్పుది పీకాడు. అది పాపమంటావా?"

"నీకు పగ ఉంది కాబట్టి తువ్వాలు వేశావు. నాకు ఉరాబె-సాన్ మీద ఏ పగా లేదు" అంది హిసాయె. ఆ మాటతో ఆమె మనసులో లెక్క తేలిపోయింది. ఇంటికెళ్ళగానే బ్లాకరు తీయించేసింది. "నా ఫోనులో మాత్రం తియ్యను" అని గొణుగుతూనే నోబుకో తీసింది.

అంతే, ప్రకటనలు కట్టలు తెంచుకుని వచ్చిపడ్డాయి. ఏదో వీడియో గేము యాడ్‌లో కత్తి పట్టిన అమ్మాయి అటునుంచి ఇటు దూకింది. అమ్మకానికొచ్చిన ఒక పీత పెట్టె నిండా కాళ్ళు చాపి పడుకుంది. మూడేళ్ళుగా కాచుకుని కూర్చున్న జుట్టు నూనె ముసిముసిగా నవ్వింది. హిసాయె అన్నింటినీ ఓపిగ్గా చూసింది. అయితే ఒక సందేహం పట్టుకుంది. మూడేళ్ళు ఊరికే పుచ్చుకుని, ఇప్పుడు ఉత్తి చూపుతో సరిపెట్టడం మర్యాదేనా? పెళ్ళికో చావుకో ఎవరైనా ఏదైనా ఇస్తే తిరిగి ఏదో ఒకటి పంపనిదే ఆమెకి నిద్రపట్టదు. పొట్లం తీసుకున్నవాడు చీటీ చదివితే మంచివాడు, చీటీ పట్టుకుని కొట్టుకే వెళ్తే ఉత్తముడు. కాబట్టి ఆమె ప్రతి ప్రకటననీ నొక్కింది. లోపలికి వెళ్ళి, పీతకి నమస్కారం పెట్టి, బయటికొచ్చి, మళ్ళీ నొక్కింది.

మర్నాటి నుంచి ఏ స్నానశాలకి వెళ్తే అక్కడ ఇదే పని. బట్టలు మార్చుకునే చోట ఫోను తీయకూడదు గనుక, బయట గదిలో కాఫీ కలిపిన చల్లటి పాలు తాగుతూ ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఉరాబె-సాన్ సంగతి చెప్పింది. సగం మంది ఆ సైటు చూసేవాళ్ళే. సగం మంది ఫోన్లలో కూతుళ్ళో కోడళ్ళో పెట్టిన బ్లాకర్లున్నాయి. అన్నీ తీయించింది. ఒకావిడ పొద్దున పూజ గూటిలో అగరొత్తి వెలిగించి, మొగుడి ఫోటోకి దణ్ణం పెట్టి, ఇరవై నొక్కులు నొక్కి, అప్పుడు టీ తాగేది. కవాయె కొట్లో బియ్యం తూచే మధ్యలో నొక్కేది. వారం తిరిగేసరికి నోబుకో కూడా మెత్తబడి, "ఇవాళ నావి నూటపది, నీవెన్ని?" అని పోటీకి దిగింది. హిసాయె ఆ వారమంతా గాల్లో తేలింది. స్టేషను ముందు పాటలు పాడుతూ పంచితే పొట్లాలు మధ్యాహ్నానికే అయిపోయాయి.

తొమ్మిదో రోజున సైటు తెరిస్తే ఒక్క ప్రకటనా లేదు. మళ్ళీ ఎర్రక్షరాలు.

"మిత్రులారా, ఎవరో నా మీద పగబట్టారు. ముప్పై ఒక్కరు చూసే సైటుని ఒక్క వారంలో ఆరు వందల మంది చూశారట, వేల సార్లు నొక్కారట. ఇది మనుషుల పని కాదు, మెషీన్ల పని అని ప్రకటనల కంపెనీవారు నన్ను మోసగాళ్ళ జాబితాలో వేసి తీసేశారు. ఆ మెషీన్లు పంపిన వారికి ఒక మాట. మీ స్నానశాల నీళ్ళు చల్లగా ఉన్నాయని నేనెప్పుడైనా రాసి ఉంటే మన్నించండి. ఇంత పని చేయక్కర్లేదు. నెలాఖరు దాకా ఆగను. సోమవారంతో సరి."

హిసాయె ఆ అక్షరాలు రెండుసార్లు చదివింది. చేతులారా తనే ముంచేసింది.

సోమవారాల్లో ఆయన సుమియోషి పేటలోని మత్సుబా స్నానశాలకి మూడింటికి తలుపు తీయగానే వెళ్తాడని సైటు చదివేవాళ్ళందరికీ తెలుసు. హిసాయె సెలవు పెట్టి, మంచి మిఠాయి పెట్టె ఒకటి గుడ్డలో చుట్టి, నోబుకోని వెంటబెట్టుకుని వెళ్ళింది. తీరా చూస్తే గుమ్మంలో కవాయె, పూజగూటావిడ, ఇంకా పది మంది. అందరి చేతుల్లోనూ మిఠాయి పెట్టెలు.

"నొక్కింది నువ్వొక్కదానివేనా ఏంటి? తిట్లు నువ్వొక్కదానివే తింటావా?" అంది కవాయె.

బల్ల దగ్గర కూర్చున్న యజమానురాలు పెట్టెల గుట్ట వెనకనుంచి తల పైకెత్తి, ఉరాబె-సాన్ ఇప్పుడే దిగాడని, గంటన్నర దాకా తేలడని చెప్పింది. ఇంతమందీ ఊరికే నిలబడేదేమిటని అందరూ టిక్కెట్లు తీసుకుని ఆడవాళ్ళ వైపు దిగారు.

మగవాళ్ళ వైపుకీ ఆడవాళ్ళ వైపుకీ మధ్య గోడ పైదాకా ఉండదు. అవతలి గొంతులు ఇవతలికి బాగా వినిపిస్తాయి. ఒక బొంగురు గొంతు దిగులుగా అంటోంది.

"ఎవరో తెలిస్తే బాగుణ్ణు. అప్పట్నుంచీ ఆలోచిస్తున్నా. జీవితంలో ఎవర్నీ నొప్పించలేదనుకున్నా."

హిసాయె ఇక ఆగలేకపోయింది. నడుం దాకా నీళ్ళలో నిలబడి గోడవైపు తిరిగి, స్టేషను ముందు అరిచే గొంతుతో అంది. "ఉరాబె-సాన్, మెషీను కాదండీ, నేనే."

అవతల నీళ్ళ చెంబు ఒకటి దబ్బున జారింది.

"నా పేరు తాత్సుమి హిసాయె. ఆరేళ్ళుగా రోజూ మీ సైటు చదువుతాను. రుణం తీర్చుకుందామని నొక్కాను. నూనెని నొక్కాను, పీతని నొక్కాను, నా తోటివాళ్ళ చేత నొక్కించాను. పగ కాదు. పగ ఎందుకుంటుంది నాకు? మీరు లేకపోతే నేనెక్కడ నానను?" అని, ఎవరూ చూడకపోయినా గోడకి వంగి నమస్కారం చేసింది. నీళ్ళు ముక్కులోకి పోయాయి.

"రోజూనా? నా లెక్కలో ముప్పై ఒక్కరే ఉన్నారే" అంది బొంగురు గొంతు.

నోబుకో నెత్తిమీది తువ్వాలు తీసి, ఆఫీసు మనిషిలా గొంతు సవరించుకుంది. "ఉరాబె-సాన్, బ్లాకరు యాడ్లతో పాటు ఆ లెక్కపెట్టేదాన్ని కూడా ఆపేస్తుంది చాలాచోట్ల. మా అక్క మూడేళ్ళుగా వస్తున్నా మీకు రానట్టే. ఈ మధ్యే అందరం బ్లాకర్లు తీసేశాం. ఆ ఆరు వందల మందీ కొత్తవాళ్ళు కాదు. మొదట్నుంచీ ఉన్నవాళ్ళే ఎక్కువ."

అవతల నీళ్ళు తొట్టె అంచు దాటి పొర్లాయి.

"నా ఫోన్లోనూ మనవరాలు పెట్టిన బ్లాకరుంది. అయితే నేను కూడా లెక్కలో లేనా?" అన్నాడు ఉరాబె-సాన్.

ఆడవాళ్ళ వైపు నవ్వులు పైకప్పుకి తగిలాయి. హిసాయె మాత్రం నవ్వలేదు. "అందర్నీ చూసి పొమ్మన్నారు, మీరే చూడరా?" అని గద్దించింది.

"ఆ పీతని భరించలేకపోయానండీ. చూసిపొమ్మన్నది అసలు యాడ్ల కోసం కాదు. ఎవరైనా ఉన్నారో లేదో తెలియాలని. యాడ్లతో వచ్చేది నెలకి రెండు సీసాల బీరు. అది పోతే పోయింది. ఖాళీ ఇంట్లో మాట్లాడుతున్నానేమోనని, అదీ నా దిగులు."

"ఖాళీ ఏంటి? నేను మొదటి మెషీన్ని" అంది హిసాయె.

"రెండో మెషీన్ని. పందెం మీద నొక్కాను" అంది నోబుకో.

"మూడో మెషీను, బియ్యం కొట్టు" అంది కవాయె. అలా ఒక్కొక్కరే నీళ్ళలోంచి చెయ్యెత్తుతూ పేరూ పేటా చెప్పారు. పద్నాలుగు దాకా వచ్చి ఆగింది.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచే ఇంకో గొంతు దగ్గింది. "పదిహేను."

"నువ్వా ఒకుమురా?" అన్నాడు ఉరాబె-సాన్. "ఎనిమిదేళ్ళుగా నా పక్క బల్ల మీద కూర్చుంటున్నావు. ఒక్కసారైనా చెప్పావా?"

"సిగ్గేసింది. నువ్వు రాసేది చూసే వస్తున్నాను. పదహారు ఆవిరి గదిలో ఉన్నాడు, పిలవనా?"

అవతల దోసిళ్ళతో నీళ్ళు చిమ్ముకుంటున్న చప్పుడైంది. ఉరాబె-సాన్ మొహం కడుక్కుంటున్నాడని ఆడవాళ్ళందరూ మర్యాదగా అనుకున్నారు. తర్వాత ఆయన గొంతు గోడ మీదుగా నెమ్మదిగా వచ్చింది.

"తాత్సుమి-సాన్, రేపు మీరు ఏ స్నానశాలకి వెళ్తున్నారు? నేనూ అక్కడికే వస్తాను. పదిహేనేళ్ళుగా మగవాళ్ళ వైపు నీళ్ళే రాస్తున్నాను. ఇకనుంచి ఆ వైపు నీళ్ళ సంగతి మీరు చెప్తే రెండూ కలిపి రాస్తాను."

ఇరవై రెండేళ్ళుగా దారిన పోయే వేలమందిని పిలిచిన హిసాయె ఆ ఒక్కమాటకి గడ్డం దాకా నీళ్ళలోకి జారిపోయింది. కన్నీళ్ళు జారి వేడినీళ్ళలో కలిశాయి.

"చెప్తుందండీ. ఇవాళ్టిది నలభై మూడు డిగ్రీలు, రాసుకోండి" అని అక్క బదులు నోబుకోనే అరిచింది.