కదిలించింది ఎవరు

పోయిన సోమవారం పొద్దున సిరిసిల్ల నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు అల్లుడా" అని ఏడ్చింది. కోరుట్లలో నా టైలర్ షాపు తెరుస్తున్నవాణ్ణి షట్టర్ దించేసి బస్సెక్కాను.

మా మేనమామ సిరిసిల్ల పక్కనే తంగళ్ళపల్లి కార్ఖానాలో మరమగ్గాలు నడిపాడు. అక్కడ వాటిని సాంచలంటారు. ఆ చప్పుడులో బతికి బతికి ఇంట్లోనూ అరిచే మాట్లాడేవాడు. చాయ్ అడిగితే వాడకట్టంతా వినాల్సిందే. పోగు తెగిందని మనం చూసేలోపే ఆయన వేళ్లు ముడి వేసేసేవి. "చెయ్యి ముందుగాల పోతది అల్లుడా, నేను దాని ఎన్క పోత" అని నవ్వేవాడు. ఆ ముడి నాకూ నేర్పాడు. దారంతో బతకడం నాకు అక్కడే మొదలైంది.

పక్షవాతం వచ్చి ఆ కుడిచేయే పడిపోయింది. హైదరాబాదులో ఒక పరిశోధన జరుగుతోందని జగిత్యాల డాక్టరు చెబితే తీసుకెళ్లాను. కదలాలన్న తలపు మెదడులో ఎలా పుడుతుందో చూస్తారట. కోత లేదు, సూది లేదు. తలకు ఒక తీగచుట్ట ఆనించి, అయస్కాంతశక్తిని లోపలికి పంపుతారు. ఇది వైద్యం కాదని అక్కడి మేడమ్ మరీ మరీ చెప్పింది. మామ తలూపాడు. ఆశ మాత్రం వదల్లేదు.

తీగచుట్ట టక్కుమంది. పడిపోయిన చేతి చూపుడువేలు ఎగిరింది.

"మీరు కదిలించారా, దానంతటదే కదిలిందా?" అని మేడమ్ అడిగింది.

మామ వేలి వంక చూశాడు. "గదే కదిలింది. నేనింకా అనుకోనే అనుకోలే."

తర్వాత తీగచుట్ట తీసేసి, కదిలించాలని గట్టిగా అనుకోమన్నారు. నుదుట చెమట పట్టింది గానీ వేలు కదల్లేదు.

తిరుగు బస్సులో మాత్రం మామ హుషారుగా ఉన్నాడు. "టక్కుమనంగనే లేచింది సూడు. అచ్చం సాంచ సప్పుడే. నా చెయ్యికి గా సప్పుడు యాదికున్నదిరా!" చప్పుడు కాదు మామా, అయస్కాంతం అని నేను చెబితే వింటేనా? మర్నాటి నుంచి పాత కార్ఖానాకు పోయి, నడిచే సాంచ చట్రం మీద కుడిచేయి పెట్టుకుని కూర్చునేవాడు. వేళ్లు అదిరేవి. అత్తమ్మ అది చూసి మొక్కులు మొక్కింది. ఒకరోజు కరెంటు పోయింది. సాంచతోపాటు వేళ్లూ ఆగిపోయాయి.

"సాంచనే కదిలిచ్చింది" అన్నాడు మామ. ఆయన అంత మెల్లగా మాట్లాడగా వినడం నాకదే మొదలు. మళ్లీ కార్ఖానా గడప తొక్కలేదు. అన్నం కూడా అడిగి తినడం మానేశాడు.

నేను చేరేసరికి మామను వాకిట్లో పడుకోబెట్టారు. అత్తమ్మ ఆ కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఉంది.

"పానం పోయేటప్పుడు గీ చెయ్యి నా చెయ్యిని పట్టుకున్నది అల్లుడా. నువ్వు పట్నంల అన్నీ చూసినవ్ గద, చెప్పు. ఆయన పట్టుకున్నడా? ఉట్టిగ గదే ముడుసుకున్నదా?"

ఆయనే పట్టుకున్నాడని చెప్పాలనే ఉంది. పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

అత్తమ్మ ఆ వేళ్లను ఒక్కొక్కటిగా తన చేతి చుట్టూ మడిచింది. వదిలితే జారిపోయాయి. మళ్లీ మడిచింది.