రెండో గాస్కెట్టు

కడపలో కార్లు బాగుచేసే ఓబులేసు ఇంజనుకు స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. అందుకే ఆ చెవికి ఎప్పుడూ గ్రీజు మరక. నాగిరెడ్డి తన కారు ఇంకా వేగంగా పోవాలని అడిగితే, ఓబులేసు ఇంజను మూత అయిన హెడ్డు అడుగును అరగదీసి సిలిండరు పైన జాగా తగ్గించాడు. "ఈడ పెట్రోలు నాసిది, శానా గీకొద్దప్పా" అని రెడ్డి అన్నా నవ్వేశాడు. చదును రోడ్డు మీద కారు గాలిలా పోయింది. గువ్వలచెరువు ఘాటు కొండదారి ఎక్కేటప్పుడు ఆ పెట్రోలు అంత ఒత్తిడికి ఓర్వలేక, ఇంజను బొరుగుల బట్టీలా చిటపటలాడి పిస్టనుకు బొక్క పడింది.

కారును ఎద్దులతో లాగించుకొచ్చిన రెడ్డి, నలుగురూ వింటుండగా, "తప్పు నాదేలేప్పా. గేరు మార్చకుండా ఎక్కించినా" అన్నాడు.

ఓబులేసు చేతిలోని పిస్టనును తిప్పి తిప్పి చూశాడు. "ఘాటులో చూసి తోలాల రెడ్డీ" అన్నాడు.

కొత్త పిస్టను వేసి, హెడ్డు కింద ఒక గాస్కెట్టు రేకు ఉండాల్సిన చోట రెండు పెట్టి, తాను తగ్గించిన జాగాను గుట్టుగా మళ్లీ పెంచాడు.

"ఇప్పుడు శానా మెత్తగా ఉండాది. నీ చెవికి తెలీనిది లేదప్పా" అన్నాడు రెడ్డి, ఇంజను ఆడించి చూసి.

రెడ్డి ఇంజను ఆపేశాక కూడా, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్న ఓబులేసు తల ఎత్తలేదు.