నేను చదవని పుస్తకాల జాబితా

మా పాఠకుల గ్రూపులో ప్రతి నెలా మొదటి సోమవారం నేనొక జాబితా పెడతాను. ఆ నెలలో చదివిన పుస్తకాలు, విన్న ఆడియో పుస్తకాలు, చూసిన సిరీస్‌లు, ఒక్కోదాని గురించి నాలుగైదు వాక్యాలు. నల్లగొండ గ్రంథాలయంలో పరిచయమైన కొద్దిమందితో లాక్‌డౌన్ రోజుల్లో ఫోన్లో మొదలైన గ్రూపు అది. ఇప్పుడు అందులో నాకు ముఖం తెలియని వాళ్లే ఎక్కువ. ఆ జాబితా చూసి పుస్తకాలు తెప్పించుకున్నామని కొందరు చెబుతుంటారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. మూడేళ్లుగా ఆ జాబితాలో మీకు నచ్చిన మాటలు నావి కావు. ఆ పుస్తకాల్లో చాలావాటిని నేను చివరిదాకా చదవలేదు. కొన్నింటిని తెరవనే లేదు.

ఆ మాటలు మా అక్కవి. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. తిరుమలగిరి దగ్గర ఒక ఊళ్లో మేకలు కాస్తుంది. బడి ముఖం చూడలేదు.

నేను నందికొండలో ఉద్యోగం చేస్తాను. కొత్త ఫోన్ కొన్నప్పుడు పాతది అక్కకిచ్చాను. అందులో ఒక నవల ఎక్కించి, ఎక్కడ నొక్కితే మాట్లాడుతుందో, ఎక్కడ నొక్కితే ఆగుతుందో చూపించాను. సరదాగా ఉంటుందనుకున్నాను, అంతే. తర్వాతి ఆదివారం వెళ్లేసరికి నవల అయిపోయింది.

"ఎట్లుందక్కా?" అన్నాను.

"కథ మంచిదే. గని గా సదివేటామె ఊ కొట్టనిస్తలేదు. ఒకదానెన్క ఒకటి సెప్పుకుంటనే పోతది. ఎవలో తరుముతున్నట్టు."

చిన్నప్పుడు మా అవ్వ కథ చెబుతుంటే ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోయేది. ఆ పని అక్కది. నేను అవ్వ ఒళ్లో నిద్రపోయేవాణ్ని. ఆ అలవాటు అక్కకు పోలేదు. ఫోన్లో కథ వింటూ కూడా ఊ కొడుతుంది. ఊ కొట్టాలనిపించిన చోట కథ ఆగకపోతే, వేలు పెట్టి తనే ఆపుతుంది. ఊ అని, మళ్లీ నొక్కుతుంది.

ఆమె వినే తీరు చూడటానికి ఒకసారి గుట్టకు వెంట వెళ్లాను. ఎండ ఎక్కాక మేకలు వేపచెట్ల కిందికి చేరి నెమరు వేస్తుంటే, అక్క సద్ది తిని, గిన్నె కడిగి, ఫోన్‌ను ఆ గిన్నెలో నిలబెట్టింది. పుస్తకం చదివే గొంతు గంటలా మోగింది. చెవుల్లో పెట్టుకునేవి తెచ్చిస్తానంటే వద్దంది. మేక అరిస్తే వినపడాలి గదా అంది. రోజుకు గంట, గంటన్నర. మేకలు లేస్తే కథ ఆగుతుంది, వాక్యం మధ్యలో ఉన్నా సరే. ఇంత తెంపులు తెంపులుగా విన్నది ఆమెకు అంత గట్టిగా ఎలా గుర్తుంటుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నేను ఆడియో పుస్తకాన్ని ఒకటిన్నర రెట్లు వేగం పెట్టి బండి మీద వింటాను. దిగేసరికి ఏమీ మిగలదు.

ఆదివారం ఆదివారం ఆమె అభిప్రాయాలు చెప్పేది. ఒక నేర పరిశోధన నవల గురించి అడిగితే, "సంపినోళ్లెవలో నాకు మొదటి దినమే తెల్సింది" అంది.

"ఎట్ల తెల్సింది?"

"పీనుగ లేవకముందే ఆ ఇంట్ల పొయ్యి ఎలిగించిండ్రు. మరదలు చాయ పెట్టింది. బాధున్నోళ్లు పెడ్తరా?"

అది రాసిన వ్యక్తికి కూడా ఈ సంగతి తట్టి ఉండదని నా అనుమానం. కానీ హంతకురాలు మరదలే. ఓడ ప్రయాణం మీద ఒక అనువాద నవల విని, "ఓడ మీద మేకలను ఎక్కించిండ్రంట. ఆర్నెల్లకు మేత ఏడికెల్లి తెచ్చిండ్రో సెప్పలే" అంది. మేనకోడలు, అంటే అక్క కూతురు, ఒక సిరీస్ చూపిస్తే అరగంటకే లేచిపోయింది. "ఒక్కలు బువ్వ తినరు. ఎప్పుడు సూసినా కోపమే. ఆకలికి గావచ్చు."

ఇవన్నీ నేను నా జాబితాలోకి మార్చాను. ఊ కొట్టనివ్వడం లేదన్నది "పాఠకుడికి చోటివ్వని కథనం" అయింది. మేకల మేత "ఓడను వర్ణించి ఓడ మీది బతుకును మరిచిన రచన" అయింది. సిరీస్ మీద రాసిన "ఆకలి లేని పాత్రలు" అన్న మాటను ఒకరు తమ వ్యాసంలో వాడుకుని నాకు కృతజ్ఞత చెప్పారు. నేను అది స్వీకరించాను.

మొదట్లో పుస్తకం కూడా చదివేవాణ్ని. ఆమె చెప్పింది నిజమో కాదో సరిచూసుకునేవాణ్ని. తర్వాత ఆ పని మానేశాను. ఆమె చెబుతుంటే మంచం మీద కూర్చుని, ఊ, ఊ అంటూ, ఆ వాక్యాలు నా ఫోన్లో కొట్టుకునేవాణ్ని. జాబితా అక్కడే తయారయ్యేది.

పోయిన ఎండాకాలం ఒక పెద్ద నవల వచ్చింది. ఇద్దరు తోటికోడళ్లు, వాళ్ల పొలంలో ఒకటే బావి. కథ మొదట్లోనే చిన్నకోడలి ఇత్తడి బిందె బావిలో పడిపోతుంది. పెద్దామె కావాలనే తాడు వదిలిందని మాట పుడుతుంది, ఇద్దరి మధ్య మాటలు పోతాయి. అక్కకు ఆ నవల ఎంత నచ్చిందంటే, నేను బండి ఆపకముందే మొదలుపెట్టింది. చివర్లో కరువొచ్చి బావి ఎండుతుందని, అడుగున బిందె కనిపిస్తుందని, పెద్దామె ఒక్కతే దిగి దాన్ని తీసి, బురద కడిగి, చిన్నామె గడప ముందర పెట్టి, ఏమీ మాట్లాడకుండా పోతుందని చెప్పింది. నేను ఊ కొడుతూ రాసుకున్నాను. "బిందె దొరికే చివరి దృశ్యం కోసమైనా ఈ నవల చదవాలి" అని జాబితాలో పెట్టాను.

మూడో రోజు గ్రూపులో ఒక రిటైర్డ్ టీచరమ్మ అడిగారు. "బిందె దొరికే దృశ్యం ఏ పేజీలో ఉందండీ? నేను రెండుసార్లు వెతికాను."

నేను అక్కకు ఫోన్ చేశాను. మేనకోడలు ఎత్తింది. సంగతి చెబితే నవ్వింది.

"మామా, నువ్వొచ్చే ముందటి దినం ఛార్జింగ్ అయిపోయి ఫోన్ బందయిందట. మూడు భాగాలు మిగిలినయట. మిగిలింది నేనే జోడించుకున్నా అని అమ్మ నీకు ఆనాడే సెప్పింది గద. నేను పక్కనే ఉన్న."

చెప్పే ఉంటుంది. నేను ఆ వాక్యం వినలేదు. అంతకు ముందు వాక్యాన్ని రాసుకుంటున్నాను.

అప్పుడు నేను చేసిన పని ఇది. గ్రూపులో ఇలా రాశాను: "క్షమించాలి. చదువురాని ఒక మేకల కాపరి చెప్పగా విని పొరపాటు పడ్డాను. ఇకపై ఇలాంటి మాటలు నమ్మను." కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. మూడేళ్లలో అక్క ప్రస్తావన ఆ జాబితాలో వచ్చింది అదొక్కసారే, తప్పు మోయడానికి. మా అక్క అని కూడా రాయలేదు. మేనకోడలు నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు ఆ గ్రూపులో చేరిందన్న సంగతి నాకప్పుడు గుర్తు లేదు.

ఆదివారం వెళ్లాను. వాకిట్లో మంచం మీద సద్ది గిన్నె ఉంది. అందులో పాత ఫోన్, దాని మీద చుట్టిపెట్టిన ఛార్జర్ తీగ. అక్క మేకపిల్లకు పాలు తాపుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏం తమ్మి, మన దిక్కు మేకలు కాసుకుంట పుస్తకాలినే ఆమె ఇంకొకామె ఉన్నదా? ఉంటే జర సూపియ్యి. ముచ్చట పెట్టుకుంట."

నేను మేనకోడలి వైపు చూశాను. తను లోపలికి పోయింది.

"సరే, గది ఇడిసిపెట్టు" అంది అక్క. "నాకొకటి తెల్వాలె. వాళ్ల కథల బిందె దొరికిందా, లేదా?"

"తెల్వదక్కా."

"తెల్వదంటే? సదివినవ్ గదా."

"సదవలే."

ఆమె పాల సీసా తీసేసింది. మేకపిల్ల ఇంకా కావాలని మూతి చాపింది.

"గీ ఒక్కటా?"

"చానా సదవలే."

అక్క కాసేపు నా వైపు చూసింది. కోపంగా కాదు. తూముకు అడ్డం ఎక్కడ పడిందో వెతికే మనిషిలా చూసింది.

"నేను సెప్పినప్పుడల్లా ఊ అన్నవ్ గదరా" అంది. "నువ్వు సదివి అంటున్నవనుకున్న. మరి గిన్నొద్దులు నేను ఎవలతోని మాట్లాడిన?"

గ్రూపులో రాసినదాని గురించి ఆమె మళ్లీ ఎత్తలేదు. ఆమె పోగొట్టుకున్నది పేరు కాదని నాకు ఆ ప్రశ్నతోనే తెలిసింది. ఊళ్లో ఆ పుస్తకాల గురించి మాట్లాడటానికి ఆమెకు నేనొక్కణ్నే ఉన్నాను. ఆ ఒక్కణ్ని కూడా లేను.

ఫోన్ నా చేతికిచ్చింది. తీసుకుని నందికొండకు వచ్చేశాను.

ఆ వారం బావి నవల మొదటి పేజీ నుంచి చదివాను. పొద్దున ఆఫీసుకు పోయేముందు గంట, అక్క లాగే. మొదట కష్టమైంది. పేజీ తిప్పగానే దీని గురించి ఏం రాయాలి అన్న ఆలోచన వచ్చేది. నాలుగో రోజుకు అది తగ్గింది. తర్వాతి ఆదివారానికి పూర్తి కాలేదు, ఆ పై ఆదివారం పుస్తకం పట్టుకుని వెళ్లాను. మిగిలిపోయిన మూడు భాగాలూ అక్కకు చదివి వినిపిస్తానన్నాను. వద్దనలేదు, రమ్మనలేదు. మేకలతో గుట్టకు నడిచింది. నేను వెనక నడిచాను.

బండ మీద కూర్చుని చదివాను. మొదటి భాగంలో ఊ లేదు. రెండో భాగం సగంలో, చిన్నకోడలు పక్క ఊరి నుంచి నీళ్లు మోసే చోట, మెల్లగా ఊ వినిపించింది. అక్కడ నేను ఆగాను. మళ్లీ మొదలుపెట్టాను. చివరికి వాళ్లు బావిని పూడ్చేస్తారు, పొలం అమ్మి చిన్నవాళ్లు పట్నం పోతారు. బిందె మాట మళ్లీ రాదు.

"అంతేనా?"

"అంతే."

"మరి బిందె?"

"లోపల్నే ఉండిపోయినట్టు."

"మట్టి కిందనా?" అక్క నా చేతిలోని పుస్తకం వైపు చూసింది. "గది గూడ మంచిగనే ఉన్నది. గని నాది నాకు మంచిగున్నది. గ్రూపుల గిట్లనే రాయి. దొరికింది నా కథల, దొరకనిది వాళ్ల కథల. రెండు కలిపి రాయకు."

అందుకే ఇక్కడ విడివిడిగా రాశాను.

ఇప్పుడు పాత ఫోన్ మళ్లీ సద్ది గిన్నెలో ఉంటోంది. ఈ నెల జాబితాలో ఒకటే పుస్తకం. అది కూడా పూర్తి కాలేదు కాబట్టి అభిప్రాయం లేదు. ఒక నర్సు తన ముప్పై ఏళ్ల దవాఖాన కొలువు గురించి చెప్పుకున్న ఆత్మకథ. అక్క వింటోంది, నేను చదువుతున్నాను. పోయిన ఆదివారం నేను బండి దిగేసరికి అక్క నాకంటే రెండు అధ్యాయాలు ముందుంది.

"గా పెద్ద డాక్టరు ఉన్నడు సూడు, వాడు..." అని మొదలుపెట్టింది.

"సెప్పకక్కా" అన్నాను. "నేనింకా ఆడిదాక రాలే."

ఆమె నోటి దగ్గర మాట ఆపి, నా ముఖంలోకి వంగి చూసింది. తర్వాత నవ్వింది.

"అయితే జల్ది సదువు" అంది. "నాకు ఆగుతలేదు."