ఎర్తు మీద దసరా రంగు

తెలంగాణ వచ్చిన కొత్తలో కరీంనగర్‌లోని ఒక మిషన్ ఆసుపత్రి నుంచి ఆదిలాబాద్ వైపున్న శాఖకు నన్ను వాహనాల ఇంజనీరుగా పంపారు. అక్కడ ఊళ్లు తిరిగే వైద్య ట్రక్కు ఉండేది. ఎప్పుడో విదేశీ దాతలిచ్చిన పెట్రోలు బండి. ఎండెక్కితే ఆగిపోయేది, చల్లారితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది.

లోపం ఇగ్నిషన్ మాడ్యూల్‌లో ఉంది. ప్లగ్గులకు నిప్పురవ్వ ఎప్పుడు అందాలో నిర్ణయించే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె అది. ఏ చలిదేశపు మేధావో దాన్ని ఇంజనుకే బిగించాడు. మన ఎండకు వేగిపోక ఏమవుతుంది? కొత్త బండే కొనాలన్న మేనేజరుతో వాదించి, ఆ పెట్టెను విప్పి, అల్యూమినియం పలక మీద ఎక్కించి, ఇంజను వేడి తగలకుండా మడ్‌గార్డు లోపలి గోడకు మార్చాను. దానికి ఎర్తు కావాలి, అంటే కరెంటు బండి ఇనుము గుండా తిరిగి బ్యాటరీకి చేరే దారి. అందుకని ఒకచోట పెయింటు గీకి, మెరిసే ఇనుముకు వైరు బిగించాను. నడి ఎండలో తిప్పితే ఎక్కడా ఆగలేదు.

దసరాకు కరీంనగర్ వెళ్లొచ్చాను. మరునాడే ఇద్దరు నర్సులతో ఘాట్ మీదుగా ఒక గూడేనికి బయలుదేరాం. డ్రైవరు ఖాజా. ఎత్తు మలుపులో బండి ఒక్క కుదుపు కుదిపింది, ఇంజను ఆగింది. ఇంజను ఆగితే బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ ఉండదు, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఇదంతా పాఠంలా చెప్పగలిగిన నేను, బండి వెనక్కి జారుతూ అద్దంలో లోయ కనిపిస్తుంటే, డాష్‌బోర్డు పట్టుకుని వేలాడాను.

“గట్టిగ పట్టుకోండ్రి మేడం!”

ఖాజా పెడల్ మీద లేచి నిలబడి స్టీరింగు మొత్తం తిప్పేశాడు. వెనక చక్రం కొండవైపు కాలువలో దిగబడింది. ఆగాం. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

బానెట్ ఎత్తితే మళ్లీ దిమ్మతిరిగింది. లోపలంతా కొత్త నీలం రంగు! నేను గీకిన చోటు మాయం. ఎర్తు వైరు విప్పి, రంగు పూసి, ఆరాక దాని మీదే బిగించారు. బోల్టు మరల దగ్గర ఎక్కడో కాస్త ఇనుము తగిలినంతసేపు బండి నడిచింది. ఘాట్ కుదుపులకు అదీ వదులైంది. నర్సు దగ్గరి బ్లేడుతో రంగు గీకి బిగిస్తే వెంటనే స్టార్టయింది.

షెడ్డుకొచ్చి మెకానిక్ రాజమల్లును నిలదీశాను.

“రంగెయ్యకుండ బండికి దసర పూజ చేస్తమా మేడం? గా జాగ ఒక్కటే గీకినట్టు అగుపడ్తుండె. మంచిగ లేదని పూసిన.”

“శాన మంచిగుంది! మా బొందల మీద గూడ గదే రంగు పూస్తవా?” అని అరిచాను.

జరిగింది చెబితే అతని ముఖం పాలిపోయింది. “వచ్చే యేడు దీనికి రంజాన్ చేస్త మేడం,” అన్నాడు ఖాజా. “రోజా ఉపాసం ఉంటది గని రంగడగది.” ఎవరం నవ్వలేదు.

ఆ సాయంత్రమే ఎర్తు వైరును తిన్నగా బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కు లాగాను. నిర్లక్ష్యం వల్ల బండి ఎలా చెడుతుందో కాలేజీలో నేర్పారు. పండగపూట ముచ్చటపడి చేసిన పనికి ఎలా చెడుతుందో ఎవరూ చెప్పలేదు. సర్వీసు ముగిసేదాకా మళ్లీ ఏ బండికీ, కుంచె తగిలే చోట ఎర్తు పెట్టలేదు.