దోముహానీ సీగల్స్‌కి నేనిచ్చిన సర్టిఫికెట్లు

టాటానగర్ యార్డులో గూడ్సు వ్యాగన్లను పరీక్షించడం నా ఉద్యోగం. వ్యాగన్ బాగుంటే ‘ఫిట్టు’, రిపేరుంటే ‘సిక్’. సుద్దముక్కతో ఏదో ఒకటి రాయాల్సిందే. ‘ఏమో, తెలీదు’ అని రాసి రైలును పంపే వీల్లేదు. ఇన్నేళ్ల ఈ అలవాటు పిట్టల దగ్గర నా కొంప ముంచింది.

నా కూతురు కాలేజీలో జువాలజీ చదువుతోంది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహానీ దగ్గర చలికాలంలో సీగల్స్ దిగుతాయి. పోయినేడు పిట్టల్ని లెక్కపెట్టడానికి తనకు తోడు వెళ్లాను. వాటిలో నల్లతలవీ, గోధుమతలవీ అని రెండు జాతులు. పేర్లు తలల్ని బట్టి పెట్టారు గానీ, ఇక్కడికొచ్చేసరికి రెండింటి తలలూ తెల్లబడి కంటి వెనక ఓ మచ్చ మాత్రం మిగులుతుంది. పేర్లు పెట్టిన మహానుభావులు చలికాలమంతా దుప్పటి ముసుగేసి పడుకున్నారేమో! నేను మాత్రం ఆగానా? ఇసుకలో నిలబడ్డ ప్రతిదానికీ వేలు చూపించి పేరు చెప్పేశాను. పిల్ల నమ్మి రాసుకుంది. తను తీసిన ఫోటోలు చూసిన వాళ్ల మేడమ్ అందరి ముందూ సగానికి పైగా పేర్లు కొట్టేసింది. పిల్ల నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ తర్వాత నదికి ఒక్కతే వెళ్లడం మొదలుపెట్టింది. అదే నాకు బాగా గుచ్చుకుంది.

ఈ జనవరిలో నేనే అడిగాను, వస్తానని. మా ఆవిడ పకపకా నవ్వింది.

“ఏటి, బోగీలు సాల్లేదా? పిట్టలకి కూడా ఫిట్టు రాసిత్తావా?”

“చలియే పాపా, లేకిన్ బోల్‌నా కమ్,” అంది పిల్ల. నాన్నా, రా గానీ తక్కువ మాట్లాడు అని.

నోరు కుట్టేసుకుని ఒడ్డున కూర్చున్నాను. ఎవరో మరమరాలు విసరగానే గుంపంతా లేచింది. రెక్క విప్పితే గానీ వీటి గుట్టు తెలియదు. ముందంచు పొడవునా తెల్లపట్టీ, కొసన సన్నటి నలుపు ఉంటే నల్లతలది. కొసంతా నల్లగా ఉండి అందులో తెల్లమచ్చలుంటే గోధుమతలది. యార్డులోకొచ్చే రైలును పట్టాల పక్కన వంగి, రోజూ కదులుతుండగానే చూస్తుంటాను. నా కళ్లకి ఇది కొత్త కాదు. ఒక్కొక్కటే చెప్పాను. తను ఫోటోతో సరిచూసుకుని రాసింది.

చివర్లో ఒక లేతపిట్ట దూరంగా వాలింది. ఒళ్లంతా మరకలు. రెక్క సరిగా కనబడనేలేదు.

“యే కౌన్ హై, పాపా?” ఇదేదని అడిగి, పెన్ను పట్టుకుని నా వైపే చూస్తోంది.

‘గోధుమతలది’ అని నాలుక చివరిదాకా వచ్చింది.

“నాకు తెల్దమ్మా. ఉత్త సీగల్ అని రాసెయ్యి,” అన్నాను. పాతికేళ్ల సర్వీసులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

“ముఝే భీ నహీ పతా,” అంది పిల్ల, తనకీ తెలీదని. నవ్వేసి, అలాగే రాసుకుంది. పుస్తకం మూస్తూ, వచ్చే ఆదివారం డ్యూటీ ఉందా అని అడిగింది.

“లేదు,” అన్నాను వెంటనే. నిజానికి ఉంది. ఎవరి కాళ్లో పట్టుకుని మార్చుకోవాలి.