తెర మీది చెయ్యి

మునిరామయ్య కొండ మీద ఇరవై నాలుగేళ్ళు గుండ్లు గీశాడు. కాపురం తిరుపతిలో, పని తిరుమలలో, మధ్యలో బస్సు. కాళ్ళూ చేతులూ కొట్టుకుని ఏడ్చే పసిబిడ్డ తలైనా సరే, ఆయన చేతికింద గాటు పడేది కాదు. ఎవరైనా మెచ్చుకుంటే, "నీళ్ళు బాగా పట్టిస్తే కత్తి తనే పోతాదబ్బా" అనేవాడు గానీ, తన అంత పనివాడు ఇంకొకడు లేడనే గర్వం లోపల దండిగానే ఉండేది. ఉండదా మరి?

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్నే చొక్కా తొడుక్కుంటూ ఉండగా కుడిచెయ్యి వేలాడిపోయింది. మూతి వంకరపోయింది. పక్షవాతం అన్నారు, మెదడులో నెత్తురు గడ్డకట్టిందన్నారు. రెండు నెలల్లో మాట వచ్చింది, కాలు దారికొచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు. అన్నీ తిరిగిచ్చి అన్నం పెట్టే చేతినొక్కదాన్ని ఉంచేసుకోవడం ఏం న్యాయమో ఆ దేవుడికే తెలియాలి.

ఆస్పత్రిలో కొత్త వైద్యం ఒకటి ఉందంటే భార్య వరదమ్మ తీసుకుపోయింది. తలకు తీగల టోపీ పెట్టి, మెదడు ఎక్కడ పనిచేస్తోందో రంగుల్లో పటం తీస్తారు. ఆ పని చూసే అమ్మాయి పేరు ప్రశాంతి.

"జుట్టు ఒత్తుగా ఉండాది పెద్దాయనా, తీగలు సరిగ్గా అంటుకోవడం లేదు" అంది మొదటిరోజు.

మర్నాడు గుండుతో వచ్చాడు. గీసింది వరదమ్మ తమ్ముడు చిన్నబ్బ, అదే పనివాడు. గీస్తున్నంతసేపూ "ఒత్తి పట్టుకోవద్దురా, నీకు పని నేర్పించినోడెవుడు?" అని తిడుతూనే ఉన్నాడు మునిరామయ్య. నేర్పింది తానే.

ప్రశాంతి పటంలో ఎడమవైపు మసకగా ఉన్న చోటు చూపించింది. "మీ కుడిచేతిని నడిపించేది ఇదే. పిడికిలి మూసినట్టు మనసులో అనుకోండి. ఈ చోటు మేలుకుంటే తెర మీద బొమ్మచెయ్యి మూసుకుంటాది."

వారం రోజులు అనుకున్నాడు. బొమ్మచెయ్యి ఉలకలేదు, పలకలేదు. ఆయనకు విసుగెత్తింది. పిడికిలి ఎవడిక్కావాలి? ఎనిమిదో రోజు పిడికిలి మాట వదిలేసి, బాగా తడిసిన తల ఒకటి ముందున్నట్టు అనుకున్నాడు. నడినెత్తి నుంచి నుదుటిదాకా కత్తి దించాడు. తెర మీద చెయ్యి మెల్లగా మూసుకుంది. మునిరామయ్య అందరి ముందరా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇక పట్టపగ్గాల్లేవు. ఆ కుర్చీలో కూర్చుని రోజుకు నలభై గుండ్లు గీసేవాడు. మూడు నెలలకు పటంలో మసక పోయి రంగు తేలింది. నిజం చేతిలోనూ కొంత జీవం వచ్చింది. గ్లాసు పట్టుకున్నాడు, అన్నం కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

"కత్తి ఎప్పుడు పట్టేది పాపా?" అని అడిగాడు.

ఆ పిల్ల దాచలేదు. "పటం బాగైతే చెయ్యంతా బాగైనట్టు కాదు పెద్దాయనా. వేళ్ళకు సన్నపని వస్తాదో రాదో చెప్పలేను."

విన్నాడా? వినలేదు. తెర మీద చెయ్యి తన మాట వింటుంటే, తను ఈ పిల్ల మాట వినడం దేనికి? ఒకటో తేదీ పనిలోకి వస్తున్నానని కొండ మీదికి ఫోను చేసేశాడు.

అంతకు ముందు ఒక్క తలైనా గీసి చూసుకోవాలి. ఎవరిస్తారు తల? వరదమ్మ ఇచ్చింది. భర్త పడిపోయిననాడే ఆమె, పాకాల దగ్గరున్న ఇలవేల్పు మునీశ్వరుడికి తలనీలాలు మొక్కుకుంది.

"నేనే తీస్తాను" అన్నాడు.

"వద్దు బావా, నేనుండానుగా" అన్నాడు చిన్నబ్బ.

"నువ్వు గమ్మునుండ్రా."

ఆదివారం గుడి ముందర వరదమ్మ తలవంచి కూర్చుంది. మొదటి గీత బాగానే దిగింది. రెండో గీతలో చూపుడువేలు తనంతట తానే బిగుసుకుని కత్తి దిగబడింది. లాగితే ఇంకోచోట తెగింది. చెవి వెనకనుంచి నెత్తురు మెడ మీదికి కారింది. వరదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మునిరామయ్య కళ్ళు మూసుకుని బొమ్మచేతిని తలుచుకున్నాడు. అది చక్కగా మూసుకుంది. ఈ చేతిలోంచి కత్తి జారి కింద పడింది.

చిన్నబ్బ దాన్ని తీసి కడిగి, మిగిలిన తల గీశాడు.

"మొక్కు చెల్లలేదులే. చెయ్యి రాకనే నీ జుట్టు ఊరికే పాయ" అన్నాడు మునిరామయ్య.

"చెల్లింది" అంది వరదమ్మ, గాట్లకు పసుపు అద్దుకుంటూ. "నీ చేత్తో నువ్వు అన్నం తినాలని మొక్కుకుంటిని. తింటాండావు గదా."

"అంతేనా?"

"అంతే."

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. అంత జుట్టు ఇస్తానని, ఇంతేనా మనిషి అడిగేది? "కత్తి పట్టే చెయ్యి కావాలని అడిగేదానికి నోరు రాలేదా నీకు?"

"ఆ పొద్దు నేనెవరో కూడా నీకు తెలీలేదయ్యా. అంతకుమించి అడిగేదానికి భయమేసింది."

ఆమె లేచి, దేవుడికి పెట్టిన పొంగలి ఆకులో వడ్డించి ఆయన ముందు పెట్టింది. మునిరామయ్య కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఆమె చూస్తుండగా, ఎడమచేత్తో తిన్నాడు.