అవ్వ ఎక్కాల్సిన టట్టు

ఉట్నూరుకు అవతల, రెండు వాగులు దాటాక వచ్చే ఊళ్లో నేను పంతులుగా ఉన్నప్పుడు నాకొక టట్టు గుర్రం ఉండేది. పక్కన నిలబడితే నా భుజం దాకా వచ్చేది. ఎక్కబోతే మాత్రం చార్మినారంత అయ్యేది. దాని పాత యజమాని శిస్తు లెక్కలు చూసే ఒక గిర్దావరు. నైజాం రాజ్యం పడిపోయిన రోజుల్లో జనానికి జడిసి ఊరూరూ పారిపోయినవాడు. ఆయన జీనుకు వేలాడే రికాబులో ఒక కాలు పెట్టేసరికే అది పరుగు తీయాలి. రెండో కాలు దారిలో ఎక్కడో సర్దుకునేవాడట. రాజ్యం మారింది, గిర్దావరు పోయాడు, టట్టుకు మాత్రం ఆ కబురు అందలేదు. నేను రికాబు తాకితే చాలు, నా వెనక కత్తులతో దండు వస్తున్నట్టే దూకేది. అప్పట్లో నా ఒంటికి అంటిన బురదలో అరెకరం వరి నాటొచ్చు.

నన్ను కన్న అవ్వ కాలికి తుమ్మముల్లు దిగేదాకా ఇదంతా నవ్వులాటే. ముసురు పట్టి ఉంది. ముల్లు తీశాం, పసుపు పెట్టాం. అయినా పాదం సొరకాయలా ఉబ్బి, వేళ్ల దగ్గర నల్లబడసాగింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఉట్నూరు దవాఖానకు తీసుకుపోవాలి. వాగులు పారుతున్నాయి, బండి పోదు. మంచం మీద మోసుకుపోదామని పక్కింటి కాకా మనుషులను పిలిచాడు. అవ్వ వాళ్లను గడప దాటనివ్వలేదు.

"పాణముండంగనే నలుగురు మోస్తరా నన్ను? గట్ల పోయినోళ్లు ఎవలన్న మల్ల ఇంటికొచ్చిండ్రా? నేను రాను."

"మరెట్ల పోదామే?"

"గుర్రం లేదా? మేపుడుకేనా అది?"

నేనూ కాకా కలిసి ఎత్తి ఎక్కించబోయాం. టట్టు దూకింది. అవ్వ నా మీద, నేను కాకా మీద, కాకా బురద మీద. ఆ పుండు కాలే ముందు నేలకు తగిలింది. అవ్వ అరవలేదు, పెదవి కొరుక్కుంది. అది చూశాక నాలో నవ్వు చచ్చిపోయింది.

పందిరి గుంజకు కట్టేస్తే టట్టు పందిరితో సహా ఊరేగింది. అప్పుడు తట్టింది నాకు: ఎవరైనా ఎక్కితే ఎక్కడికో పారిపోవాలన్నదే దాని భయం. అయితే ఎక్కి ఎక్కడికీ పోకూడదు. రికాబులో కాలు పెట్టి తీసేశాను. బరువు ఆనించి దిగిపోయాను. నిలబడితే గుప్పెడు జొన్నలు. దూకితే మళ్లీ మొదటికి. వానలో ఇదే పని.

అరుగు మీద కూర్చున్న కాకా ఉండబట్టలేకపోయాడు.

"పంతులూ, ఎక్కుతున్నవ్, దిగుతున్నవ్. ఏ ఊరికి వోతున్నవో జర చెప్పు."

"ఏడికి పోనని దానికి నమ్మకం కుదరాలె కాకా."

"దానికి కుదిరేటాల్లకు మీ అవ్వ..." అని నాలుక కరుచుకున్నాడు.

లోపల అవ్వ జ్వరం మత్తులో, ఎప్పుడో పోయిన మా బాపును అన్నానికి పిలుస్తోంది.

"సోయి లేనప్పుడే మంచం మీద ఏస్కపోదాం," అన్నాడు కాకా మెల్లగా.

"వాగు నడుమ సోయొస్తే దుంకుతది. మా అవ్వ నాకు తెల్వదా?"

మళ్లీ రికాబులో కాలు పెట్టాను. చీకటి పడే వేళకు ఓపిక లేక టట్టు వీపు మీద తడిబట్టలా బోర్లా పడ్డాను. కదల్లేదు. టట్టు పొడుగ్గా ఊపిరి వదిలింది.

తెల్లారి అవ్వను ఎత్తాం. టట్టు చెవులు వణికాయి, కాళ్లు కదల్లేదు. అవ్వ కూర్చుంది. "చల్," అన్నాను. కదల్లేదు. తోశాను, బతిమాలాను. కొండకు జీను వేసినట్టుంది.

"మస్తు నేర్పినవ్ పంతులూ. ఇగ నడుసుడు గూడ నేర్పు," అన్నాడు కాకా. కానీ గొంతులో వెటకారం లేదు. అవ్వ తల అప్పటికే వాలిపోతోంది.

జొన్నల సంచి దాని ముక్కు ముందు పట్టుకుని నేను నడిచాను. అది నా వెనకే వచ్చింది. కాకా అవ్వ నడుము పట్టుకున్నాడు. స్వారీ కోసం గుర్రాన్ని కొనుక్కున్న మొనగాణ్ణి, రెండు వాగులూ రొమ్ములోతు నీళ్లలో దాటాను. వెనక్కి తిరిగి చూసే ధైర్యం మాత్రం లేదు. అవ్వ మూలుగు వినబడితే అడుగు వేశాను, వినబడకపోతే పిలిచాను.

దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు. పాదం మిగిలింది.

ఇంటికి పంపిన నాడు అవ్వ కట్టు కాలితో దవాఖాన వాకిట్లోకి వచ్చి చుట్టూ చూసింది.

"మంచమేమన్న తెచ్చిండ్రా?"

"లేదే."

"అయితే ఎక్కియ్యి."

టట్టు రాయిలా నిలబడి ఉంది. అవ్వను ఎత్తి కూర్చోబెట్టి, జొన్నల సంచి పట్టుకుని నేనే ముందు నడిచాను.